నోళ్లు చూసే మనిషి

“బావా, అదుగో, మళ్లీ వచ్చాడు” అన్నాడు బావమరిది.

ఫిట్టర్ తలెత్తి చూశాడు. మిల్లు గేటుకు ఎదురుగా, టీ కొట్టు బెంచీ మీద, లావుపాటి కళ్లద్దాల మనిషి కూర్చుని ఉన్నాడు.

ఎవరో ఏమిటో తెలియదు. ఎవరు మాట్లాడితే వాళ్ల నోటికేసే చూస్తాడు, నోటి దగ్గర ముద్ద లాక్కునేవాడిలా.

“వెనకనుంచి పిలిస్తే పలకడు. ఎంత పొగరో!”

“పొగరు కాదురా, భయం. తప్పు చేసినవాడు వెనక్కి తిరిగి చూస్తాడా?”

మిల్లులో అందరికీ కడుపు మండుతోంది. యూనియన్ లీడరు ఫిట్టర్‌కు స్వయానా అన్నయ్య. అతనుండగా మేనేజర్ ఎత్తు ఒక్కటీ పారలేదు. రెండో షిఫ్టు ఎత్తేస్తారన్నా, ముసలివాళ్లను తీసేస్తారన్నా, నోటీసు పడకముందే అన్నయ్యకు తెలిసిపోయేది. తెల్లారేసరికి మగ్గాలు ఆగిపోయేవి. నీకెలా తెలుస్తుందని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

అలాంటివాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఎవరో ఉప్పందించారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫిట్టర్ మాత్రం పట్టేశాననుకున్నాడు.

గేటు పక్కన మేడ మీద మేనేజర్‌ది అద్దాల గది. పనికి ఎవరు ఆలస్యంగా వస్తున్నారో చూడటానికి కట్టించుకున్నాడు. కళ్లద్దాల మనిషి మాటిమాటికీ అటే చూస్తున్నాడు.

“సైగ కోసమే” అన్నాడు బావమరిది.

ఆ సాయంత్రం ఆ మనిషి తనంతట తనే దగ్గరికి వచ్చాడు.

“మీ అన్న ఎప్పుడొస్తాడు?” అని వీధంతా వినబడేలా అడిగాడు.

“నీకెందుకు?”

“ఆయనకే చెప్పాలి. పోనీ, నువ్వు తమ్ముడివేగా. ఆదివారం...”

“ఆదివారం నీ తలకాయ! మా అన్నను పట్టించింది చాలదా?”

ఫిట్టర్ ఆ మనిషి చొక్కా పట్టుకున్నాడు. బావమరిది అతని చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు కిందపడి ఎవరి చెప్పు కిందో నలిగాయి.

ఆ మనిషి తిరగబడలేదు. మసక చూపుతో ఒక్కొక్కరి ముఖమే వెతుక్కున్నాడు.

“ఏమంటున్నారు? ఏమంటున్నారయ్యా?”

“నటన చూడండిరా!”

అందరూ నవ్వారు. వీధి చివరిదాకా తరిమారు.

ఆదివారం మిల్లుకు సెలవు. సోమవారం వెళ్లేసరికి గేటుకు తాళం. కమ్మీల్లోంచి చూస్తే షెడ్డంతా బోసిగా ఉంది. మగ్గాలన్నీ లారీలెక్కి పోయాయి. బోల్టులు ఊడదీసిన గుంతలు మిగిలాయి.

వారం తర్వాత అన్నయ్య బెయిలు మీద బయటికొచ్చాడు. తాళం చూసి, టీ కొట్టు బెంచీ మీద కూలబడ్డాడు.

“ముందే తెలిస్తే లారీలకు అడ్డం పడుకునేవాళ్లం అన్నయ్యా” అన్నాడు ఫిట్టర్.

“తెలియకపోవడమేంట్రా? ఇక్కడ కూర్చునే ఆయన చెప్పలేదా?”



టీ కొట్టు అక్క పగిలిన కళ్లద్దాలు తెచ్చి బెంచీ మీద పెట్టింది.

“మళ్లీ రాలేదు తమ్ముడూ. వస్తే ఇద్దామని దాచాను.”

“మేనేజర్ మనిషనుకున్నాం...” అని నసిగాడు ఫిట్టర్.

అన్నయ్య కళ్లద్దాలు చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు మేడ మీది గదికేసి చూశాడు.

“పాత మిల్లులో మగ్గాల మోత ఆయన చెవులు తినేసిందిరా” అన్నాడు. “ఆ గదిలో వాళ్లు మాట్లాడుకునేదంతా పెదాలు చూసి ఇన్నాళ్లూ నాకు చెప్పింది ఆయనే.”