పాలిచ్చాకే

"జ్వరం బిళ్ళ ఇవ్వండి సాయిబుగారూ," అంది తెరేసమ్మ, తడిసిన రవికె కనబడకుండా పమిట లాక్కుంటూ.

వన్ టౌన్‌లో మందుల కొట్టు రవూఫ్‌ది. బిళ్ళ అందించబోయి ఆగాడు.

"పాలిచ్చే తల్లివా అమ్మా?"

తెరేసమ్మ పాపని మట్టిచేసి వారమైంది. ఇంట్లో పాప పేరెత్తితే అత్తగారు రేడియో పెంచేస్తుంది, మొగుడు చొక్కా తగిలించుకుని బయటికెళ్ళిపోతాడు. ఉయ్యాల ఎప్పుడు విప్పేశారో కూడా ఆమెకి తెలీదు.

"అవునండీ," అంది.

"అయితే ఇది వద్దమ్మా, పాలల్లోకి దిగుద్ది." వేరే బిళ్ళ పొట్లం కట్టాడు. "ఇదైనా సరే, ముందు బిడ్డకి కడుపునిండా పాలిచ్చి, ఆనక వేసుకో. ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఆడపిల్లండీ. రోజమ్మ."

"మంచి పేరు," అన్నాడు రవూఫ్.

ఇంటికొచ్చి గ్లాసుతో నీళ్ళు ముంచుకుంది. బిళ్ళ నోట్లో వేసుకోబోయి ఆగింది. పెరట్లోకి వెళ్ళి, మల్లెపాదు దగ్గర కూర్చుని, సలుపుతున్న రొమ్ముల్లోని పాలన్నీ మట్టిలోకి పిండింది.

"తాగు రోజమ్మా," అంది, లోపల రేడియో వింటున్నవాళ్ళకి కూడా వినబడేలా.

ఆ తర్వాతే బిళ్ళ వేసుకుంది.