పాచి తొట్టి

"రెండు కాదు బాబాయ్, మూడు రెట్లు!"

ఫోన్ పెట్టేసి లాబ్ అమ్మాయి కుర్చీలోనే గెంతింది. స్టోర్ కీపర్ ఆఫీసులో అందరికీ బాబాయే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అది సిమెంటు కంపెనీ. ఆమె రెండు గాజు తొట్లలో సూక్ష్మశైవలాలు పెంచుతోంది. కంటికి ఆనని పచ్చటి జీవాలు. పొగగొట్టం వదిలినా, మనిషి ముక్కు వదిలినా, గాలిలోని కార్బన్ డయాక్సైడే వాటి తిండి. చిన్న పంపు గదిలో గాలిని బుడబుడమంటూ తొట్టిలోకి తోస్తుంది. నెలాఖరుకు ఒక్కటైనా రెట్టింపు పెరగకపోతే తొట్లు రెండూ డ్రైనేజీలోకి, ఆమె ఇంటికి. పెద్దాఫీసు పెట్టిన షరతు అది.

స్టోర్ గదిలో తొట్టి అంతంతమాత్రం. మేనేజర్ గదిలోది మాత్రం చిక్కటి ఆకుపచ్చ. రెంటికీ నీళ్ళు ఒకటే, లైటు ఒకటే.

"ఆ గదిలో అంత గొప్పేముందమ్మా?"

"సార్ ఉన్నారుగా!" అని నవ్వింది.

బాబాయ్ మొహం చిట్లించాడు. మేనేజర్‌కి ఆ తొట్టి అంటే అసహ్యం. ఆమె అంటే ఇంకా అసహ్యం.

"ఇదో సైన్సా? మా బాత్‌రూమ్ గోడ మీద ఇంతకన్నా ఏపుగా పెరుగుతుంది పాచి. దానికి జీతం కూడానా?" అనేవాడు.

నెల రోజులుగా రోజూ పదకొండింటికి ఆమెకు ఆ గదిలో అక్షింతలే. తప్పులూ అలాగే చేసేది. ఒకరోజు తేదీ తప్పు. ఒకరోజు టన్నులకు బదులు కిలోలు. ఇంకోరోజు 'మేనేజర్'లో ఒక అక్షరమే మింగేసింది.

"ఎవరిచ్చారు నీకు డిగ్రీ? పెళ్ళయ్యాక బుర్ర అత్తారింట్లో పెట్టి తాళం వేసి వస్తున్నావా? పాచి మొహమూ నువ్వూ!"

గంటసేపు ఏకబిగిన అరిచేవాడు. ఆమె లోపలికి వెళ్ళగానే తలుపు వేసేది, కిటికీ మూసేది. పరువు కోసం కాబోలని బాబాయ్ జాలిపడేవాడు. తొట్టి పక్కనే తలవంచుకుని నిలబడేది. మేనేజర్ అలిసిపోయి మంచినీళ్ళు తాగుతుంటే, "సార్, మూడో పేజీలో కూడా తప్పు పోయిందండీ" అనేది. మళ్ళీ మొదలు.

"కొత్త పెళ్ళికూతురు. ధ్యాస ఇక్కడుంటేగా!" అని ఆఫీసంతా నవ్వుకుంది. సాయంత్రం గేటు దగ్గర మొగుడి స్కూటర్ హారన్ వినబడితే చాలు, మెట్లు రెండేసి చొప్పున దిగేది మరి.

కబురు తెలిసి మేనేజర్ బయటికొచ్చాడు.

"మూడు రెట్లా? చూశారా నా గది మహిమ! రిపోర్టులో నా పేరు పైన వెయ్యి. ఇంకో రెణ్ణెల్లు ఉంచుకో నీ పాచి. దీంట్లోనన్నా తప్పుల్లేకుండా రాసి ఏడు!"

ఆమె బుద్ధిగా తలూపి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. బాబాయ్ వెనకనుంచి తొంగిచూశాడు. మొదటి లైన్లోనే మేనేజర్ పేరు తప్పు.

"పిచ్చిపిల్లా, గట్టెక్కిన రోజు కూడానా? దిద్దు, ముందు దిద్దు!"

ఆమె టైపు ముగించి, కాగితాన్ని చక్కగా మడిచి కవర్లో పెట్టింది.

"దిద్దితే ఎలా బాబాయ్, రేపు పదకొండింటికి ఆయన గంటసేపు అరిచి ఊపిరి వదలకపోతే, నా పాచి ఏం తిని బతుకుతుంది?"