వెనకాయన

విమానంలో ముందు సీటు ఒక్కసారిగా వెనక్కి వాలి పళ్ల డాక్టరు మోకాళ్లకు తగిలింది. చేతిలోని కాఫీ తొణికి చొక్కా మీద పడింది. ఆయన గడ్డానికి జానెడు దూరంలో ఒక బట్టతల హాయిగా సర్దుకుంటోంది.

“ఏమండీ, సీటు కాస్త పైకి లేపుతారా?” అన్నాడు డాక్టరు.

“బటన్ పెట్టింది నొక్కడానికే కదండీ” అంది బట్టతల, ఇటు తిరక్కుండానే. “మీకూ ఉంది. నొక్కుకోండి.”

“నా వెనక మనిషున్నాడు.”

“నా వెనకా ఉన్నారుగా, మీరు! నేనేమన్నా బాధపడుతున్నానా?”

కిటికీ పక్కన కూర్చున్న భార్య కిసుక్కున నవ్వింది. “నోరు తెరవమనండి. ఎలాగూ మీ ఒళ్లోనే పడుకున్నాడు, ఓ పన్ను పీకి చేతిలో పెట్టండి.”

డాక్టరు నవ్వలేదు. రోజంతా జనాన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, వాళ్ల నోళ్ల మీదికి వంగి వంగి ఆయన నడుం పాడైంది. చొక్కా కింద నడుం పట్టీ ఉంది. ఎక్కువసేపు నిటారుగా కూర్చోవద్దని, ఈసారి పట్టేస్తే ఆపరేషన్ తప్పదని ఎముకల డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

“మీరూ వాల్చుకోండి” అంది భార్య, నవ్వు ఆపి. “రేపు మీరు మంచం మీంచి లేవలేకపోతే ఆ వెనకాయనొచ్చి లేపుతాడా?”

“ముందాయన నా మీద పడ్డాడని నేను వెనకాయన మీద పడాలా? ఆయన ఇంకో వెనకాయన మీద పడాలా? ఎక్కడో ఒకచోట ఆగాలి. నా దగ్గర ఆగుతుంది.”

ఆ మాట కాస్త గట్టిగానే అన్నాడు, ముందుకూ వెనక్కూ వినపడేలా.

నొప్పి నడుంలో మొదలై మెల్లగా తొడలోకి దిగింది. అది పెరిగేకొద్దీ వెనకున్న మనిషి ఆయనకు స్పష్టమవుతూ వచ్చాడు. ఎక్కేటప్పుడు ఎవరెవరో తోసుకుంటూ వెనక్కి వెళ్లారు. వాళ్లలో ఈయన ఎవరో గుర్తు లేదు. మొదట ఉత్త మోకాళ్లు. తర్వాత ఆ మోకాళ్లకు తగ్గ పొడుగాటి మనిషి. ఒళ్లో ఒక పుస్తకం. ఈ సీటు ఎప్పుడు వాలుతుందోనని భయంభయంగా చూసి, ఇక వాలదని తెలిశాక నెమ్మదిగా కాళ్లు చాపుకున్న మనిషి. ఎవరో దగ్గితే ఆయనే అనుకున్నాడు డాక్టరు. ఆ వెనకాయన తన మొహం చూడలేదు. ఈ నిటారు వీపునే చూస్తున్నాడు. చూసి ఏమనుకుంటున్నాడో డాక్టరుకు తెలుస్తూనే ఉంది. ఇంట్లోగానీ క్లినిక్‌లోగానీ తన గురించి ఎవరూ ఇంత బాగా అనుకోలేదు.

“కాసేపు లేచి అటూ ఇటూ నడవండి” అంది భార్య.

“లేస్తే సీటు ఊగుతుంది.”

“పోనీ వెనక్కి తిరిగి ఆయనతో ఓ మాట చెప్పండి.”

“తిరిగితే, నీ కోసం ఇంత చేస్తున్నాను చూడు అని చూపించుకున్నట్టుంటుంది.”

“మీకో దండం” అని ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది.

సీట్ల సందులోంచి బట్టతల ఇటు తిరిగింది. చెమట పట్టిన మొహాన్నీ, నడుం మీద బిగిసిన చేతినీ చూసింది.

“అంత నొప్పి పెట్టుకుని ఎందుకండీ ఈ పంతం? వెనకాయన్ని అడిగి వాల్చుకోండి. కాదంటాడా?”

“అనడు. మర్యాద తెలిసినవాడెవడూ కాదనలేడు. అందుకే అడగకూడదు.”

బట్టతలాయన ముందుకు తిరిగాడు. టక్కుమని చప్పుడైంది. డాక్టరు మోకాళ్ల ముందు నుంచి సీటు మెల్లగా పైకి లేచింది.

భార్య చెయ్యి వచ్చి ఆయన చేతి మీద పడింది.

“మీలాంటి మనిషి ఇంకొకరుండరండీ” అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ గొంతులో అంత గర్వం ఆయన ఎప్పుడూ వినలేదు. వీపు ఇంకాస్త నిటారు చేశాడు. నొప్పి ఇప్పుడు వేరెవరిదో అన్నట్టుంది.

విమానం దిగి ఆగగానే జనం సామాన్ల మీద ఎగబడ్డారు. బట్టతలాయన మాత్రం తన పెట్టె సంగతి వదిలేసి, ఇటు తిరిగి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

“తప్పు నాదే అన్నగారూ. ఒట్టు, ఇక జన్మలో ఆ బటన్ జోలికి పోను. లేవండి, నేను పట్టుకుంటాను.”

అటు ఆయనా ఇటు భార్యా పట్టుకుంటే డాక్టరు పళ్లు బిగబట్టి లేచాడు. మొదట వంకరగా, తర్వాత పూర్తిగా నిలబడ్డాడు.

“ఇంతకీ ఎవరండీ ఆ అదృష్టవంతుడు?” అన్నాడు బట్టతలాయన. “ఎవరి కోసం ఇంత పడ్డారో నన్నూ ఓసారి చూడనివ్వండి.”

“ఎందుకులెండి, పాపం ఆయన మొహమాటపడతాడు” అన్నాడు డాక్టరు. వెనకాయన కృతజ్ఞతలు చెప్పబోతే ఏమని వారించాలో మనసులో వెతుక్కుంటూ, తనే వెనక్కి తిరిగాడు.

వెనక వరుసలో మూడు సీట్లూ ఖాళీ. వాటి మీద బెల్టులు, విమానం ఊడ్చినవాళ్లు మడిచి పెట్టినవి మడిచినట్టే ఉన్నాయి.