ఎవరూ వాడని పిలుపు

తెల్లారకముందే ఎవరో తలుపు దబదబా కొట్టారు.

"డ్రైవర్ గారూ, లేసినారా?"

"లేసినాను దాదా," అని ముందుగదిలోంచి తవిటయ్య జవాబిచ్చాడు. బయటి మనిషి కర్ర టకటకలాడించుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు.

మేడ మీద కిరణ్మయి తలగడను చెవులకు అదుముకుంది. రోజూ ఇదే గోల. నాన్న ఇంజన్ డ్రైవరుగా రిటైరై ఏళ్ళయింది. వెనకటి రోజుల్లో ఖరగ్‌పూర్‌లో డ్రైవర్లను ఇలాగే ఇళ్ళకొచ్చి డ్యూటీకి లేపేవారట. అలా లేపేవాణ్ణి కాల్‌మన్ అనేవారు. ఫోన్లొచ్చాక ఆ ఉద్యోగమే పోయింది. నాన్న దాదా అని పిలిచే ఈ ఎబినేజర్‌కు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆమె బెంగుళూరు వదిలి ఖరగ్‌పూర్‌లోని ఈ ఝపటాపూర్ పేటకు వచ్చి ఇంటినుంచే పనిచేస్తున్నది తండ్రి కోసం. అమ్మ పోయిన కొన్నాళ్ళకే ఆయనకు పక్షవాతం వచ్చి మూతి కొంచెం వంకరపోయింది. ఎలాగో తేరుకున్నాడు. మళ్ళీ వస్తే క్షణం ఆలస్యం చేయొద్దని, ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. కంటినిండా నిద్ర ఉండాలని కూడా అన్నాడు.

కోడికంటే ముందొచ్చి తలుపు బాదే మనిషుంటే ఇక నిద్రేం పడుతుంది?

"ఆయన్ని రావొద్దని చెప్పు నాన్నా."

"అలవాటమ్మా ఆయనకి. ఒగ్గేయ్."

తవిటయ్య అంతకుమించి చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

పాతసామాను ఏరి పారేయడమే కిరణ్మయి ఉద్యోగం కూడా. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిస్కుల సంగతి చూసుకునే భాగం ఆమెది. అందులో ఎవరో ఎప్పుడో రాసిన ఒక కాల్‌బ్యాక్ ఉంది. డిస్కు పలక్కుండా బిగుసుకుపోతే, సిస్టమ్ దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామును పిలిచి, ఏమైందో కనుక్కోమని అడిగే ఏర్పాటది. కోడంతా గాలించింది. దాన్ని వాడుతున్న డ్రైవర్ ఒక్కటీ కనబడలేదు.

ఆ కోడు రాసేవాళ్ళలో ఒక పద్ధతుంది. ఫలానాది తీసేస్తున్నాం, ఎవరైనా వాడుతుంటే చెప్పండి అని అందరికీ మెయిల్ పెడతారు. ఎవరూ నోరెత్తకపోతే తీసేస్తారు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. వీళ్ళకు అది పూర్తి అంగీకారమే.

ఎవరూ నోరెత్తలేదు. తీసేసింది. తోటివాళ్ళు భేష్ అన్నారు.

ఆ ఊపులోనే వీధి వాట్సాప్ గ్రూపులో కూడా అడిగింది. తెల్లవారుజామున తలుపులు కొట్టే మనిషి ఎవరికైనా అవసరమా అని. ఒక్కరూ అవసరమనలేదు. ఆ గ్రూపులో నాన్న ఈడువాళ్ళు ఎవరూ లేరన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

సాయంత్రం బజారులో ఎబినేజర్‌ను ఆపి, ఇకమీదట తమ తలుపు కొట్టొద్దని చెప్పింది. మర్యాదగానే చెప్పింది.

"ఒద్దని మీ నాన్నగారే అన్నారా?"

"అవునండీ, ఆయనే అన్నారు." అబద్ధం తడబడకుండా వచ్చేసింది.

ఆయన కర్రను చంకన పెట్టుకున్నాడు.

"ఠీక్ హై అమ్మా. మరి పొద్దున్నే లేసి నువ్వు సూస్తావు కదా ఆరిని?"

"చూసుకుంటానండీ." ఈయనకెందుకో ఆ ఆరా అనుకుంది.

మర్నాటి నుంచి కర్ర చప్పుడు గేటు దగ్గర కాసేపు ఆగి, ముందుకు పోయేది. తవిటయ్య ఆ వేళకు లేచి కూర్చుని తలుపు వైపే చూసేవాడు. పోయి అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది. రానివాణ్ణి రమ్మని ఎలా అడుగుతాం అనుకున్నాడు. కూతురితో మాత్రం ఒకసారి, దాదా మనింటికి మానేసినాడేటో అన్నాడు. ఆమె వినబడనట్టు లాప్‌టాప్‌లో తల దూర్చింది.

ఒక ఉదయం నిద్ర లేవగానే, ముక్కూ మొహం తెలియని మనిషి మెయిల్ కనబడింది.

మీరు తీసేసింది నేను వాడుతున్నాను. నా డ్రైవర్ మీ కోడులో లేదు, మీ మెయిళ్ళు నాకు రావు. నా డిస్కు పలక్కుండా పోతే ఈసారి ఎవరూ కనుక్కోలేదు. అందులో ఉన్నవన్నీ పోయాయి.

ఆమె ఆ మెయిల్‌ను రెండుసార్లు చదివింది. టీ తాగి జవాబు రాద్దామని కిందికి దిగింది. ఎండ వాకిట్లోకి వచ్చేసింది. నాన్న గది తలుపు ఇంకా వేసే ఉంది. ఇవాళైనా హాయిగా పడుకున్నాడని చప్పుడు చేయకుండా టీ పెట్టుకుంది. తాగడం కూడా తీరిగ్గానే తాగింది.

తర్వాత తలుపు తీసింది.

తవిటయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది.

తెల్లవారుజామునే వచ్చిందమ్మా, అప్పుడే తెచ్చి ఉంటే అంటూ డాక్టరు మధ్యలో ఆపేశాడు. సాయంత్రానికి తవిటయ్య పోయాడు.

శవాన్ని ఇంటికి తెచ్చాక ఎబినేజర్ వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడిపోయాడు. కిరణ్మయి ఆయన ముఖం చూడలేకపోయింది. పక్కన కూర్చున్న అప్పలకొండ చెయ్యి పట్టుకుంది. ఆవిడా ఒక డ్రైవరు పెళ్ళామే. భర్త పోయాక ఎదురింట్లో ఒక్కతే ఉంటోంది.

"కాల్‌మన్ ఉద్యోగం పోయినా ఆయన ఎందుకత్తా అలా తిరగడం?" అంది కిరణ్మయి.

అప్పలకొండ కళ్ళు తుడుచుకుంది.

"ఆయన కాల్‌మన్నేటమ్మా, రైల్వేలో ఒక్కరోజూ పన్జెయ్యలేదు. ఒంటరోళ్ళమందరం, మీ నాన్నతో సహా, బతిమాలి పెట్టుకున్న మనిషి. మమ్మల్ని లేపడానిక్కాదు, ఏ పొద్దున్న ఎవరు లేవలేదో సూసుకోడానికి."