ఒక్క విద్యార్థి కావలెను

దర్జీ ఇంటి ముందు చెప్పులు విప్పుతూ వక్ఫ్ కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. నాలుగైంది. ఐదింటికి ఆఫీసు మూసేలోగా దరఖాస్తు మీద ఒక్క సంతకం పడాలి. పడకపోతే వందేళ్ల చదువుల నిధి మూతపడుతుంది.

డబ్బుకి లోటు లేదు, అదే విచిత్రం! ఎప్పుడో పోయిన వ్యాపారి ఒకాయన వీధి పొడుగునా ఉన్న తన దుకాణాలు అల్లా పేరున రాసిచ్చి, వాటి అద్దెలతో పిల్లలు పెద్ద చదువులు చదవాలన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? పర్షియన్ సాహిత్యమే చదవాలని షరతు పెట్టాడు. దాత పెట్టిన షరతు మార్చే అధికారం ఎవరికీ లేదు. వరుసగా మూడేళ్లు విద్యార్థి దొరక్కపోతే నిధి రద్దని పైనుంచి కాగితం వచ్చింది. రెండేళ్లు గడిచిపోయాయి. మూడో ఏటికి ఇవాళే గడువు.

ఊళ్లో కార్యదర్శి తొక్కని గడప లేదు. ఆయన వస్తుంటే డిగ్రీ పిల్లలు పక్క సందులోకి జారుకుంటున్నారు, సూదిమందు వేసే నర్సుని చూసినట్టు.

దర్జీ మిషన్ ఆపి స్టూలు జరిపాడు. "మా అమ్మాయికి ఎంబీఏలో సీటొచ్చింది సార్. ఫీజు కట్టలేక మానిపించాను. దానికి ఇప్పించండి, మీ పేరు చెప్పుకుని బతుకుతాం."

"నా చేతుల్లో లేదయ్యా. పర్షియన్‌కే ఇవ్వాలి."

"డబ్బు మీ దగ్గర మూలుగుతోంది. అవసరం మా ఇంట్లో ఉంది. మధ్యలో ఆ పోయినాయన అడ్డమా సార్?"

కార్యదర్శికి తల కొట్టేసినట్టయింది. ఈ పిల్లకి ఫీజు కట్టేస్తే ఎంత బాగుండునని ఆయనకీ ఉంది. ఉండి ఏం లాభం?

లోపల్నుంచి కూతురు వచ్చింది. చేతిలో కాజాలు కుడుతున్న చొక్కా. దాన్ని పక్కన పెట్టి, దరఖాస్తు అందుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఫీజు, హాస్టలు, పుస్తకాలు, అన్నీ ఉచితమేనా సార్?"

"అన్నీనమ్మా. పీహెచ్‌డీ దాకా."

కూతురు తండ్రి వైపు చూసింది. తండ్రి మిషన్ వైపు చూశాడు. ఆమె కలం తీసింది. కార్యదర్శి సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు.

"ఇంతకీ ఇది చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లెవరైనా ఉన్నారా సార్?"

"ఉన్నారు తల్లీ. ఒకరున్నారు."

ఆమె మొహం విప్పారింది. "ఏం ఉద్యోగం?"

ఆ ఒక్కడూ తానేనని, ఆ చదువుకి దొరికిన ఉద్యోగం ఇలా గడపగడపకీ తిరిగి తర్వాతి విద్యార్థిని వెతకడమేనని చెప్పడానికి కార్యదర్శికి నోరు రాలేదు.