సిలువ మీద పిచ్చుక

చర్చి దూలం మీద గూడు పెట్టుకున్న పిచ్చుకకి ఒకటే పిల్ల. అది మొదటిసారి ఎగిరిన ఆదివారమే ఫ్యాను రెక్క తగిలి రాలిపోయింది. కింద అయ్యగారేమో, పిచ్చుకల్ని సైతం పరలోకపు తండ్రి కనిపెట్టుకుని ఉంటాడని ప్రసంగం చేస్తున్నారు.

"కనిపెట్టుకుని ఉన్నవాడు ఎందుకు పట్టుకోలేదు?" అని తల్లి పిచ్చుక గొల్లుమంది.

"తప్పు! అలా అడిగితే విశ్వాసం లేనట్టే," అంది ప్రసంగాలు వినీ వినీ ముసలిదైపోయిన పావురం. మిగతా పక్షులు దూరం జరిగాయి.

పిచ్చుక మానలేదు. రోజూ గోపురం మీది సిలువపై వాలి, ఆకాశంకేసి అదే మాట అడిగేది.

"ఇంకా ఎవర్ని అడుగుతున్నావే?" అని ఓ సాయంత్రం పావురం కసిరింది.

"ఆయన్నే, పెద్దమ్మా. లేడనుకుంటే అడుగుతానా?"

పావురం మెల్లగా వచ్చి పక్కన వాలింది.

"కాస్త జరగమ్మా. నా గుడ్లు పిల్లి తిన్ననాడు నేను నోరు మూసుకున్నాను."