ముందు ఆ అమ్మాయి

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు చీఫ్ పైలట్.

ఎదురుగా నిలబడ్డ అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మెడలోని గుర్తింపు కార్డు తీసి దాని పక్కన పడేశాడు.

"పట్టలేదు. ఇప్పుడే వదిలింది."

ఇద్దరూ ఒకే బ్యాచ్. ట్రైనింగ్ రోజుల్లో ఒకే గది, ఒకే ఇస్త్రీపెట్టె. తర్వాత ఒకడు ఆఫీసు కుర్చీ ఎక్కాడు, ఇంకొకడు కాక్‌పిట్‌లోనే ఉండిపోయాడు. అయినా తలుపు మూసుకుంటే ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకోవడమే.

"పదిహేడేళ్ళ సర్వీసురా! నా తర్వాత ఈ కుర్చీ నీదే. వేరే కంపెనీకి పోతే సీనియారిటీ మళ్ళీ మొదటికొస్తుంది. నిన్నగాక మొన్న మీసాలు మొలిచినవాళ్ళ వెనక నిలబడాలి."

"నిలబడతా. కాళ్ళు గట్టిగానే ఉన్నాయి."

"ఎవరో పిల్ల కోసం..."

"ఎవరో పిల్ల కాదు. ఆ రోజు విమానంలో ఉన్నవాళ్ళంతా ఇంటికెళ్ళి అన్నం తిన్నారంటే ఆ పిల్ల చలవే."

అది నిజమని చీఫ్‌కీ తెలుసు. కుండపోత వానలో దిగుతున్న విమానం. ఎత్తు ఎక్కువ, వేగం ఇంకా ఎక్కువ. రన్‌వే సగం దాటిపోయేలా ఉంది. కో-పైలట్ సీట్లో ఉన్న అమ్మాయి "దిగొద్దు, పైకి లేపండి" అని రెండుసార్లు అరిచింది. కెప్టెన్ వినిపించుకోలేదు. మూడోసారి ఆమె నోటితో చెప్పలేదు. కంట్రోల్ లాక్కుని విమానాన్ని మళ్ళీ ఆకాశంలోకి లేపింది. ఇంకో చుట్టు తిప్పి పువ్వులా దించింది.

కంపెనీ ఆమెకిచ్చిన బహుమతి ఏమిటంటే, ఉద్యోగం ఊడబీకడం. కెప్టెన్ మాట ధిక్కరించిందన్నారు. పేపర్లో ఆమె ఫొటో పడింది. కెప్టెన్ పేరు మాత్రం కంపెనీ గడప దాటలేదు. కొద్ది రోజులకే మళ్ళీ సీట్లో కూర్చోబెట్టారు.

"విచారణలో నువ్వు చెప్పాల్సింది చెప్పావు," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "ఎవరూ వినలేదు. అక్కడితో వదిలెయ్. కంపెనీ తన కెప్టెన్లని కడుపులో పెట్టుకుని చూసుకుంటోంది. సంతోషించక ఈ గోలేంట్రా?"

"ఆ కడుపులోనే నాకు ఊపిరాడటం లేదు."

"రేపు ప్రతి కుర్రకుంకా కంట్రోల్ లాక్కుంటే విమానాలు ఎగురుతాయా?"

"లాక్కోకపోతే ఆ విమానం మళ్ళీ ఎగిరేదే కాదు."

చీఫ్ టోపీని అతని వైపు నెట్టాడు. అతను దాన్ని ముట్టుకోకుండా బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య ఆస్పత్రి డ్యూటీ ముగించుకొచ్చి చెప్పులు విప్పుతోంది. అతని ముఖం చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

"అన్నంత పనీ చేశారా?"

"చేశాను."

"అవతలి కంపెనీ ఖాయమైందా?"

"ఏడాదిగా రమ్మంటున్నారు. కానీ నేను పెట్టబోయే షరతు వింటే తరిమేస్తారేమో."

"తరిమితే ఇంట్లో కూర్చోండి. నా వంట తిని తిని నాకే విసుగొచ్చింది, ఇకమీదట మీరు వండుదురుగాని." చెప్పులు పక్కన పెడుతూ అంది, "అన్నయ్య ఫోన్ చేశాడు. ఆ అమ్మాయికీ మీకూ ఏమిటి సంబంధం అని తెలిసినవాళ్ళంతా గుచ్చి గుచ్చి అడుగుతున్నారట."

"ఏం చెప్పావు?"

"చెబితే ఎవరికీ నిద్రపట్టదులే అన్నాను."

చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళాడు. అక్క నడిపే కుట్టుషాపులో గుండీలు ఏరి సీసాల్లో పోస్తూ కనిపించింది. అతన్ని చూసి లేచి నిలబడింది గాని, గొంతులో మెతకదనం లేదు.

"జాలిపడి వచ్చారా సార్? అయితే టీ తాగి వెళ్ళిపోండి."

"ఒక్క మాట అడుగుదామని వచ్చానమ్మా. ఆ వాన మళ్ళీ వస్తే ఏం చేస్తావు?"

ఆమె తడుముకోలేదు. "మళ్ళీ అదే చేస్తాను. పక్క సీట్లో ఎవరున్నా సరే."

"అంతే. యూనిఫాం ఉతికి పెట్టుకో."

కొత్త కంపెనీ ఆఫీసులో ట్రైనింగ్ అధికారి ఎదురొచ్చి మరీ కూర్చోబెట్టింది. జుట్టు నెరిసిన మనిషి, ఒకప్పటి కెప్టెన్. చెప్పదలచుకున్నది అతను ముక్కుసూటిగా చెప్పేశాడు.

"ముందు ఆ అమ్మాయిని తీసుకోండి. తర్వాతే నేను."

"మాకు కరువొచ్చింది కెప్టెన్లకి. కో-పైలట్లు బోలెడంతమంది ఉన్నారు."

"అయితే సెలవు." అతను లేచాడు.

"కూర్చోండి బాబూ, అంత తొందరైతే ఎలా? పైలట్లందరూ ఆ అమ్మాయి పేరు చెబితేనే మూతి ముడుస్తున్నారు. ఆమెను ఏ కెప్టెన్ పక్కన కూర్చోబెట్టమంటారు?"

"నా పక్కన. నేను ఎక్కే ప్రతి విమానంలోనూ."

ఆవిడ కళ్ళజోడు తీసి అతన్ని ఎగాదిగా చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. చివరికి ఆవిడే తలూపింది.

"సరే, రమ్మనండి. ఇద్దరినీ తీసుకుంటాను. కానీ ఒక్కటి చెప్పండి. కెప్టెన్ చేతుల్లోంచి కంట్రోల్ లాక్కున్న పిల్ల మీద ఒక కెప్టెన్‌కి ఇంత నమ్మకం ఎలా కుదిరింది?"

అతను రెండు అరచేతులూ చాపి బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు ఆ అమ్మాయి లాక్కున్నది ఈ చేతుల్లోంచే."